ఎక్కడ నేర్చుకున్నావు?

మృదుల ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "మళ్ళీ ఆసుపత్రే కనపడిందట వదినా" అంది.

నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. ముద్ద కలిపాను కానీ నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. ఇది ఎన్నో కంపెనీయో లెక్కపెట్టడం ఇద్దరం ఎప్పుడో మానేశాం.

"అడిగినవాటికి జవాబులు చెప్పావా?" అన్నాను, తెలిసి తెలిసే.

"అన్నీ చెప్పాను. బావున్నాయన్నారు. ఆ పట్టీ మాత్రం ఆసుపత్రి అని చూపించిందట."

"దాని మొహం తగలెయ్య" అన్నాను. తిట్టైతే తిట్టాను గానీ, ఆ పట్టీ పుణ్యమా అనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అందుకే తిట్టిన వెంటనే తల దించుకుని అన్నం కెలకడం మొదలెట్టాను.

మృదుల మా తమ్ముడు ఫణి భార్య. ఫణికి కాకినాడలో బైకుల మెకానిక్ షెడ్డు ఉండేది. కిడ్నీలు పాడయ్యాయి. రెండేళ్ళు డయాలసిస్ మీద నెట్టుకొచ్చి, నిరుడు చలికాలంలో పోయాడు. ఆ రెండేళ్ళూ మృదుల ఆసుపత్రిలో వాడి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోనులో పాఠాలు విని, ఆన్‌లైన్లో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసింది. మంచి మార్కులే వచ్చాయి. ఫణి పోయాక నేనే మా ఇంటికి తీసుకొచ్చేశాను. నాకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఉన్న తమ్ముడూ పోయాడు. ఇక మిగిలింది ఈ పిల్లే.

ఇప్పుడు ఏ కంపెనీకి వెళ్ళినా ముందు నుదుటికి పట్టీ కడతారు. దాని పేరు మూలదర్శిని. ప్రశ్న అడుగుతారు. మనిషి జవాబు తలుచుకోగానే, ఆ జవాబు నేర్చుకున్న చోటు కూడా దాని వెనకాలే లేచి వస్తుంది. మనం పిలవకపోయినా వస్తుంది. ఎక్కాలు అనగానే చిన్నప్పటి బడి గుర్తుకు రావడం లేదూ, అలాగన్నమాట. ఆ చోటుని పట్టీ పసిగడుతుంది. బొమ్మలేమీ రావు. పదిమంది మధ్య నేర్చుకున్నాడా, ఒక్కడే కూర్చుని నేర్చుకున్నాడా, అది ఎలాంటి గది, చుట్టూ ఏం చప్పుళ్ళు, అంతే.

మొదట్లో దీన్ని ఆన్‌లైన్ డిగ్రీల వాళ్ళకి మేలు చేద్దామనే కనిపెట్టారు. పరీక్ష వేరేవాడు రాసిపెట్టాడేమో, సర్టిఫికెట్ కొనుక్కున్నాడేమో అని కంపెనీలకి ఒకటే అనుమానం కదా. నిజంగా నేర్చుకున్నవాడి తలలో ఏదో ఒక చోటు ఉంటుంది, కొనుక్కున్నవాడి తలలో ఉండదు. అనుమానం తీరింది. తీరాక ఊరుకుంటారా? "నేర్చుకున్నాడు సరే, ఎక్కడ నేర్చుకున్నాడు?" అని మొదలెట్టారు.

ఆ రోజు మృదుల వెళ్ళింది సామర్లకోట రోడ్డులో రొయ్యల మేత తయారుచేసే కంపెనీకి. ఆఫీసరు చాలా మర్యాదగా చెప్పాడట. "మాకు ఆన్‌లైన్ అంటే చిన్నచూపేమీ లేదండి. కాకపోతే పదిమందితో కలిసి చదువుకున్నవాళ్ళకి సర్దుకుపోవడం వస్తుందండి. మీది మరీ ఆసుపత్రాయె. ఏదో బాధలో చదువుకున్నట్టున్నారు. పనిలోకీ ఆ బాధ వస్తుందేమోనని మా భయమండి" అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"థాంక్సండీ అన్నాను" అంది మృదుల. అప్పుడు చెప్పులు విప్పింది.

మర్నాడు నేను ల్యాబుకి బయల్దేరుతుంటే తనూ తయారై కూర్చుంది. ఎక్కడికని అడిగితే, "మీతోనే" అంది.

మా ల్యాబు భానుగుడి సెంటర్లో ఒక మిఠాయి దుకాణం పైన ఉంటుంది. డాక్టర్ పేరిశాస్త్రి గారిది, అక్కడ యంత్రం నడిపేవాళ్ళలో నేనొకదాన్ని. మూలదర్శిని పసిగట్టే చోటుకీ, నేర్చుకున్న సంగతికీ మధ్య ఉండే ముడిని ఆయన దారం అంటారు. ఆ దారాన్ని విప్పి ఇంకోచోటికి కట్టడమే మా వ్యాపారం. ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోనులో చదువుకున్నవాడు మా కుర్చీలో కూర్చుని లేస్తే, చదువు అలాగే ఉంటుంది, మంచం పోతుంది. దాని బదులు కాలేజీ క్లాసు వస్తుంది. పట్టీ కట్టించుకుని హాయిగా ఉద్యోగంలో చేరతాడు. ఇది తప్పని చెప్పే చట్టం ఇంకా రాలేదు. వచ్చేలోపు నాలుగు రాళ్ళు వెనకేసుకుందామని డాక్టరుగారి తొందర.

ఆ క్లాసు ఎక్కడిదనుకున్నారు? నాది. మొదట్లో ఆయన, "ప్రతివాడికీ కొత్త క్లాసు ఎవడు కడతాడమ్మా హైమా! ఎన్నాళ్ళని కూర్చుంటాం? నీకు కాలేజీ బాగా గుర్తుందన్నావుగా, అదే తీసి అందరికీ పెట్టేద్దాం" అన్నారు. నేను గవర్నమెంటు కాలేజీలో బీఎస్సీ చదివాను. కిటికీ పక్క బెంచీ, బయట సైకిల్ స్టాండు, పద్మనాభం మాస్టారు. ఆయన ఒక వాక్యం చెప్పి ఒకసారి దగ్గేవారు. బోర్డు మీద రాసింది చేత్తోనే తుడిచి, ఆ చెయ్యి లాల్చీకి తుడుచుకునేవారు. కాకినాడలో ఉద్యోగాలు తెచ్చుకున్న సగం మంది పిల్లల తలల్లో ఇప్పుడు పద్మనాభం మాస్టారు దగ్గుతున్నారు.

పేరిశాస్త్రి గారు మృదులని చూసి లేచి నిలబడ్డారు. "ఏంటమ్మా హైమా, మనింటి పిల్లకి కూడానా?"

"నన్నడగకండి, తననే అడగండి" అన్నాను.

ఆయన కాస్త తటపటాయించి, తన అలవాటు ప్రకారం అన్నీ విడమరిచి చెప్పారు. చదువుతో పాటు ముడిపడ్డవన్నీ పోతాయి. మంచం పక్కన కూర్చుని చదివితే మంచమూ పోతుంది, మంచం మీది మనిషీ పోతాడు. ఆ రెండేళ్ళలో పుస్తకం ముట్టని రోజులుంటే అవి మిగులుతాయి.

"ముట్టని రోజు లేదండి" అంది మృదుల.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఉద్యోగం కోసం మొగుణ్ణి తుడిచేసుకుంటావా? నీకేం తక్కువైంది? నేను అన్నం పెట్టడం లేదా?" అని అందరి ముందూ అరిచేశాను.

తను నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా, "ఆ అన్నం గొంతు దిగడం లేదు వదినా. ఎన్నాళ్ళు తినను? ఆయన నన్ను చదివించింది ఇలా మీ మీద పడి ఉండడానికా?" అంది. "అయినా ఆ రెండేళ్ళలో ఏముంది? సూదులు, గొట్టాలు. పెళ్ళి ఉంటుంది, అరకు వెళ్ళింది ఉంటుంది. మంచివన్నీ ఉంటాయి. ఆసుపత్రి పోతే పోనివ్వండి" అంది.

ఆసుపత్రి రోజులు నేనూ మర్చిపోదామనుకునేదాన్నే.

"ఇంకెవరితోనైనా చేయిద్దామా?" అన్నారు డాక్టరుగారు మెల్లిగా.

"అక్కర్లేదు. వినేదేదో నేనే వింటాను."

వినడమని ఎందుకన్నానంటే, దారం దొరకాలంటే మనిషి ఆ సంగతిని పైకి చెప్పాలి. చెబుతూ ఉండగా మేము విప్పుతాం. రికార్డు చెయ్యకూడదు. డాక్టరుగారు నిజాయితీగా పాటించే నియమం అదొక్కటే. అంటే చెప్పినదాన్ని చివరిసారి వినేది యంత్రం దగ్గర కూర్చున్నవాళ్ళే.

మృదుల కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నేను ప్రశ్నల వరుస తీశాను. "శాంప్లింగ్ అంటే ఏంటి?"

జవాబు గడగడా చెప్పేసింది. తర్వాత చోటు వచ్చింది. ఆమె మొహం మీదికి మెల్లిగా నవ్వు వచ్చింది.

"ఆయనకి ఎడం చేతికి గొట్టం ఉంది. కుడి చేత్తో పాఠం ఉన్న ఫోను పట్టుకున్నారు, నాకు కనపడకుండా అటు తిప్పి. సంచిలోంచి ఎన్ని గింజలు తీసి చూస్తే సంచంతా ఎలా ఉందో తెలుస్తుందీ అని అడిగారు. కొన్ని చాలు, అన్నీ తీయక్కర్లేదు అన్నాను. మరైతే వీళ్ళు నా రక్తం అన్నిసార్లెందుకు తీస్తున్నారే, నీకు తెలిసిందేదో ఆ డాక్టరుకి కూడా చెప్పు అన్నారు. పక్క మంచం ఆయన కూడా నవ్వాడు."

నేను మీట నొక్కాను. నవ్వు అలాగే కాసేపు ఉండి, ఎందుకొచ్చిందో తెలియనట్టు పోయింది.

"స్టాండర్డ్ డీవియేషన్."

మళ్ళీ జవాబు. మళ్ళీ చోటు. "ఆయనకి ఆ మాట పలకడం రాలేదు. అంటే ఏంటే అన్నారు. సగటు చుట్టూ ఎంత అటూ ఇటూ అవుతుందో అదీ అని చెప్పాను. ఓహో, మా అక్క కోపమన్నమాట అన్నారు. ఒకరోజు ఇంత, ఒకరోజు అంత. ఇవాళ కారియర్ తెచ్చేటప్పటికి డీవియేషన్ ఎంతుందో చూసి మాట్లాడు అన్నారు."

వాడు నా గురించి అలా అన్నాడని నాకప్పటిదాకా తెలీదు. వెధవ. నా చెయ్యి మీట మీదే ఉండిపోయింది. డాక్టరుగారు వెనకనుంచి, "హైమా, దారం వదిలేస్తే మళ్ళీ దొరకదమ్మా, సగం తెగి ఊరుకుంటుంది, ఆ పిల్లకే ప్రమాదం" అన్నారు. నొక్కాను.

అలా సాయంత్రం దాకా సాగింది. ఒక్కొక్క పాఠం, ఒక్కొక్క రోజు. వాడి బరువు తగ్గడం విన్నాను, వాడి గొంతు తగ్గడం ఆమె గొంతులో విన్నాను. చివర్లో ఒక లెక్క మధ్యలో నిద్రపోయాడట. ఫోను గుండెల మీద పడిందట. మృదుల దాన్ని తీయకుండా అలాగే చూస్తూ కూర్చుందట. మెలకువ వచ్చాక, "జవాబు చెప్పావా?" అన్నాడట. "చెప్పాను" అని అబద్ధమాడిందట. "కరెక్టే" అన్నాడట వాడు. అది చెప్పి మృదుల ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే నొక్కాను.

ఆఖర్న పరీక్షించడం ఆనవాయితీ. కళ్ళు తెరిపించి అదే లెక్క అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"క్లాసులో" అంది మృదుల. "కిటికీ పక్కన కూర్చునేదాన్ని. బయట సైకిళ్ళుండేవి. మాస్టారికి ఒకటే దగ్గు పాపం."

నా బెంచీ మీద, నేను కూర్చున్న చోట కూర్చుని ఉంది. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఎందుకు వదినా ఏడుస్తున్నారు?" అంది.

రొయ్యల మేత కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. అదే ఆఫీసరు, అదే పట్టీ. ఈసారి, "బావుందండి, మంచి కాలేజీలా ఉంది" అన్నాడట. మొదటిసారి వచ్చింది తనేనని కూడా గుర్తుపట్టలేదు. మేత బస్తాల్లోంచి గుప్పెడు తీసి, బస్తా మొత్తం నాణ్యత తేల్చడం పని. మృదుల బాగా చేసేది. పొద్దున్న కంపెనీ బస్సెక్కి, సాయంత్రం మేత వాసనతో దిగేది. మొదటి జీతంతో నాకు చీర తెచ్చింది. అన్నం కడుపునిండా తినడం మొదలెట్టింది. సంతోషించాలి కదా, సంతోషించాను కూడా. ఆమెతో ఫణి కబుర్లు చెప్పబోయి, ఏవి ఉన్నాయో ఏవి పోయాయో తెలియక నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

కొన్నాళ్ళకి కంపెనీ క్యాంటీనులో ఒక వింత జరిగింది. మృదుల నవ్వుతూ వచ్చి చెప్పింది. భోజనాల దగ్గర ఎవరో దగ్గితే మృదుల, "మా మాస్టారూ అచ్చం ఇలాగే దగ్గేవారు" అన్నదట. ఎదురుగా కూర్చున్న అబ్బాయి, "మాకూ అలాంటి మాస్టారే ఉండేవారండి, బోర్డు చేత్తో తుడిచేవారు" అన్నాడట. పక్క విభాగం అమ్మాయి, "లాల్చీకి తుడుచుకునేవారా?" అందట. ఎవరు ఎక్కడ కూర్చునేవారని అడిగితే ముగ్గురూ కిటికీ పక్కనే అన్నారట. ముగ్గురూ మా కుర్చీలో కూర్చుని లేచినవాళ్ళే. మా దగ్గర చేయించుకున్న సంగతి ముగ్గురికీ తెలుసు. కానీ ఆ క్లాసు అందరికీ ఒకటేనని ఎవరికీ తెలియదు.

నవ్వు ఆఫీసరు గది దాకా వెళ్ళింది. పట్టీ నమోదు చేసినవి తిరగేస్తే, ఈమధ్య చేరిన వాళ్ళలో ఎక్కువమందిది ఒకే గది, ఒకే దగ్గు అని తేలింది. కంపెనీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. మేము పట్టుబడిపోతాం, ఆ పిల్లల ఉద్యోగాలు ఊడతాయి అని నేను హడలిపోయాను. ఏమీ కాలేదు. వాళ్ళందరూ పని బాగానే చేస్తున్నారు, తీసేస్తే మేత ఎవరు చూస్తారు? "ఈ పట్టీ దేనికీ పనికిరాదు" అని దాన్నే తీసి అటక మీద పడేశారు. ఒక రాత పరీక్ష, మూడు నెలలు పని చేయించి చూడడం, అంతే. డిగ్రీ ఎక్కడ చదివినా ఫరవాలేదని ఉద్యోగ ప్రకటనల్లోనే వేశారు. ఆన్‌లైన్లో చదివినవాళ్ళకి సొంతంగా నేర్చుకునే చొరవ ఎక్కువట, ఆ ఆఫీసరే మీటింగులో చెప్పాడట.

ఆ మాట మృదుల నాకు చెప్పినప్పుడు నేను కూరగాయలు తరుగుతున్నాను. కత్తిపీట పక్కకి నెట్టేశాను. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే చాలు. ఎవడికో తోచింది ఒక అనుమానం, ఎవడికో విసుగొచ్చి అది వదిలేశాడు, మధ్యలో మా తమ్ముడు పోయాడు.

పేరిశాస్త్రి గారు ల్యాబు మూసేశారు. నేను వెళ్ళి అడిగాను. "మళ్ళీ కట్టొచ్చా డాక్టరుగారూ? నేను విన్నవన్నీ నాకు గుర్తున్నాయి. చెబుతాను, కట్టండి."

"నువ్వు చెబితే నీ దారమే కడతానమ్మా. ఆ పిల్ల మంచం దగ్గర నిలబడి వింటున్న అక్క అవుతుంది గానీ భార్య అవదు" అన్నారు. ఆయన కూడా ముసలాయన అయిపోయినట్టు కనిపించారు. తిడదామని వెళ్ళినదాన్ని తిట్టలేక వచ్చేశాను.

ఫణి సంవత్సరీకం దగ్గర పడింది. ఆ వేళ డయాలసిస్ వార్డులో వాళ్ళకి పళ్ళూ, తోడు ఉండేవాళ్ళకి భోజనాలూ పెడదామని నేనే అన్నాను. మృదుల సరేనంది. అయితే కొన్నాళ్ళుగా తనలో ఏదో మార్పు కనిపెడుతున్నాను. ఫణి ఫొటోకి దణ్ణం పెట్టుకునేటప్పుడు కళ్ళెత్తి చూసేది కాదు. పువ్వులు నన్నే పెట్టమనేది.

వార్డులోకి అడుగుపెట్టామో లేదో, సలోమి అని అక్కడి నర్సమ్మ పరుగెత్తుకొచ్చి మృదులని కావిలించుకుంది. "ఎంత చిక్కిపోయారండి బాబూ! ఉద్యోగం వచ్చిందటగా? మీరు కూర్చునే స్టూలు ఇప్పటికీ ఎవర్నీ తియ్యనివ్వలేదండి నేను. మా స్టాటిస్టిక్స్ మేడంగారిదండీ అని చెబుతాను."

మృదుల ఆమె చేతుల్లోంచి మర్యాదగా బయటికొచ్చి, చేతులు జోడించి, "నమస్కారమండి" అంది. మొదటిసారి చూసినవాళ్ళకి పెట్టే నమస్కారం. సలోమి నా వైపు చూసింది. నేను పళ్ళ సంచి ఆమెకిచ్చి, మృదులని వరండాలోకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను.

"వదినా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి" అంది. "ఆయన ఇక్కడ పడి ఉంటే, నేను రోజూ కాలేజీకి ఎలా వెళ్ళాను?"

మేము చోటు మార్చాం. కాలం మార్చలేదు. ఆ రెండేళ్ళు ఆ రెండేళ్ళుగానే ఉన్నాయి. వాటిల్లో ఇప్పుడు మృదుల కిటికీ పక్కన కూర్చుని పాఠాలు వింటోంది, ఇక్కడ ఫణి ఒక్కడూ చచ్చిపోతున్నాడు. ఈ సంగతి మా ల్యాబులో ఒక్కరికీ తట్టలేదు. మామూలుగా ఇంట్లో మంచం మీద కూర్చుని చదివినవాడికి దాంతో పనేముంది గనక?

"నువ్వు ఏ కాలేజీకీ వెళ్ళలేదమ్మా. ఆ క్లాసు నాది. నువ్వు ఇక్కడే ఉన్నావు. మా కుర్చీలో కూర్చోబోయేముందు నువ్వే ఒప్పుకున్నావు. సలోమి చెప్పలేదూ ఇప్పుడు?"

"తెలుసు వదినా. మీరు చెప్పారు, ఆవిడ చెప్పింది, కాగితం మీద సంతకమూ పెట్టాను. అబద్ధమని అనను. కానీ కళ్ళు మూసుకుంటే క్లాసే కనిపిస్తోంది. నేను అక్కడ నోట్సు రాసుకుంటున్నాను. ఆసుపత్రికెళ్ళి ఆయన్ని చూద్దామని కూడా అనిపించడం లేదు నాకు. ఎంత రాతి గుండె ఉండాలి వదినా ఆడదానికి?"

నేను ఆమె చేతులు రెండూ పట్టుకుని చెప్పడం మొదలెట్టాను. ఆ రోజు యంత్రం పక్కన కూర్చుని విన్నవన్నీ, ఒక్క మాట పొల్లుపోకుండా. వాడు ఏమడిగాడో, తను ఏం చెప్పిందో, ఇద్దరూ ఎందుకు నవ్వుకున్నారో. చెబుతుంటే నాకే కళ్ళ ముందు కట్టినట్టు కనిపించింది. చివరికి వచ్చేసరికి ఏడుస్తూ చెబుతున్నాను.

మృదుల ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నది. నేను ఆపాక తన చున్నీతో నా కళ్ళు తుడిచింది. నన్ను ఓదారుస్తున్నట్టు వీపు నిమిరింది.

"ఆ అమ్మాయి చాలా మంచిది వదినా" అంది. "నేనూ ఒక్కసారి వచ్చి ఆయన్ని చూసి ఉండాల్సింది."